అయిదోసారి కాచిన బీరు

టెన్నెల్ కాలేజ్ బాస్కెట్‌బాల్ జట్టు తమ లీగ్ ఫైనల్ ఆడుతున్న ఆ ఆదివారం మధ్యాహ్నం ఊరంతా ఆకుపచ్చ చొక్కాలు తొడుక్కుని తిరుగుతోంది. వెండెల్ స్ట్రౌప్ మాత్రం చిన్ననాటి స్నేహితుడు డ్వైట్ ఇంటి ముందు ట్రక్కు నిలిపి, ఇంజను ఆపకుండానే, పది నిమిషాలుగా స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. లోపలికి వెళితే బీరు రుచి చూడాలి. చూసి, అది మార్నా బీరులా ఉందో లేదో తేల్చి చెప్పాలి. వెండెల్‌కి అక్టోబరు నుంచి వాసన తెలియడం లేదు. ముక్కు పోయాక నాలుక ఒక్కటే ఏం చేస్తుంది? చేదు, తీపి, చల్లదనం, అంతకు మించి దానికేమీ తెలియదు. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. అందరికంటే ముందు చెప్పవలసిన డ్వైట్‌కి అసలే చెప్పలేదు.

ముక్కు పోతే కొంపేం మునిగిందని ఎవరైనా అనవచ్చు. వెండెల్‌కి మునిగింది. ముప్పై ఏళ్ళు కౌంటీ రోడ్ల మీద మంచు తోసే లారీ నడిపి రిటైరైన మనిషి అతను. నలుగురిలో తలెత్తుకు తిరగడానికి అతనికున్నది ఆ ముక్కు ఒక్కటే. ఇళ్ళలో బీరు కాచుకునేవాళ్ళ సంఘం ఒకటి ఉంది ఆ ఊళ్ళో. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, నీళ్ళు బావివా కుళాయివా అన్నది కూడా వెండెల్ చెప్పేసేవాడు. పోటీలకు న్యాయనిర్ణేతగా పిలిచేవారు. "వెండెల్ ముక్కుకి ఇన్సూరెన్స్ చేయించండిరా" అని సంఘంలో వేళాకోళాలు ఆడేవారు. పైకి విసుక్కునేవాడు గాని, లోపల పొంగిపోయేవాడు.

ఆ సంఘంలో అందరికంటే మంచి బీరు కాచేది డ్వైట్ భార్య మార్నా. విచిత్రమేమిటంటే డ్వైట్ చుక్క ముట్టడు. పెళ్ళికి ముందు తాగి తాగి, ఉద్యోగం పోగొట్టుకుని, ఒకసారి కారుతో సహా కాలవలో పడి, ఆనాటితో మానేశాడు. ఇరవై రెండేళ్ళయింది. తాగనివాడి ఇంట్లో బీరు కాచే పెళ్ళామా అని ఊరంతా నవ్వింది. "నా పని సీసాలు కడగడం, మూతలు బిగించడం" అనేవాడు డ్వైట్. "వాసన కూడా చూడను. ముక్కు తలుపు తీశానంటే నోరూ తెరుచుకుంటుంది." నిజంగానే బీరు పొంగేటప్పుడు గరాజ్ వదిలి పెరట్లోకి పోయేవాడు. మార్నా ఒక్కదాన్నే ఎందుకు వదిలేస్తావని ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఆవిడ పక్కన గ్లాసు పట్టుకుని వెండెల్ ఉండేవాడు.

ఏటా మార్చిలో, ఫైనల్ రోజు తాగడానికని మార్నా ఒక బ్రౌన్ బీరు కాచేది. టెన్నెల్ ఫైనల్‌కి వచ్చినా రాకపోయినా ఆ బీరు మాత్రం వచ్చేది. మొదటి సగం ఆటలో ఎవరూ గ్లాసు ముట్టకూడదు. విరామంలో సీసా తీయాలి. వెండెల్ రుచి చూసి కాగితం మీద రాసేదాకా ఎవరూ నోరు మెదపకూడదు. ఆమె పెట్టిన నియమాలు అవి. పోయిన ఆగస్టులో, ఆసుపత్రి మంచం మీద, "ఫైనల్ రోజు మాత్రం బీరు మానొద్దు డ్వైట్" అని చెప్పి, నాలుగు రోజులకు పోయింది.

అందుకని ముట్టనివాడు బీరు కాచడం మొదలుపెట్టాడు. మార్నా నోటు పుస్తకం ముందు పెట్టుకుని, ఆమె ఫ్రిజ్‌లో దాచుకున్న ఈస్ట్ తీసి, గరిటె గరిటెకీ గడియారం చూసుకుంటూ కాచాడు. ఆ ఈస్ట్ ఆమె పదేళ్ళుగా బతికించుకుంటూ వచ్చినది. ఒకసారి కాచినప్పుడు అడుగున పేరుకున్నది తీసి మళ్ళీ కాచేటప్పుడు వేసేది, పెరుగుకి తోడు దాచుకున్నట్టు. మొదటి బీరు నవంబరులో తయారైంది. డ్వైట్ వెండెల్‌ని పిలిచి గ్లాసు చేతికిచ్చాడు.

అప్పటికి వెండెల్‌కి జ్వరం తగ్గి రెండు వారాలు. కాఫీ రుచి లేదనిపించింది గాని, నీరసం అనుకున్నాడు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ రాలేదు. తాగితే ఏమీ లేదు. మార్నా గుర్తుకొచ్చి కళ్ళు చెమరుస్తాయని ఎదురుచూసినవాడికి చల్లటి నీళ్ళు మింగినట్టయింది. "ఇది కాదురా. తడిసిన అట్టపెట్టెలా ఉంది" అన్నాడు. అబద్ధం చెప్పలేదు, అలాగే అనిపించింది అతనికి. నాలుగు రోజుల తరువాత పొయ్యి మీద బేకన్ మాడి బొగ్గయి, పొగకి కళ్ళు మండి చూసుకునేదాకా తన సంగతి తనకే తెలియలేదు.

ఆ రోజే వెళ్ళి చెప్పి ఉంటే ఇంత కథ లేదు. చెప్పడానికి వెళ్ళాడు కూడా. గరాజ్ తలుపు తీసేసరికి డ్వైట్ మొదటి బీరు మొత్తం పారబోసి, కొత్త బార్లీ బస్తా విప్పుతున్నాడు. "నువ్వు లేకపోతే చెత్త బీరు పోసి దాని పరువు తీసేవాణ్ణిరా" అన్నాడు. వెండెల్ ఆ బస్తా విప్పడానికి ఒక చెయ్యి వేసి, చెప్పడానికొచ్చింది చెప్పకుండానే ఇంటికి పోయాడు.

తరువాతిదంతా జారుడుబండ. సంఘం పద్ధతి ప్రకారం కాగితం ఖాళీగా ఇవ్వకూడదు, లోపం ఫలానా అని రాయాలి. వెండెల్ పాత కాగితాలు తిరగేసి వాటిలోంచి మాటలు ఎత్తి రాశాడు. రెండోదానికి మాడు రుచి సరిపోలేదని రాశాడు. డ్వైట్ నల్లగా వేయించిన బార్లీ పెంచాడు. మూడోదానికి పచ్చి మొక్కజొన్న వాసన అన్నాడు. డ్వైట్ అరగంట ఎక్కువ మరిగించాడు. నాలుగోదానికి వెన్న వాసన వస్తోందని రాశాడు. అది ఈస్ట్ నీరసం అయి ఉంటుందని డ్వైట్ పుస్తకాలన్నీ చదివి, చలిలో రాత్రింబవళ్ళు హీటర్ పెట్టి కాపలా కాశాడు. బాగుందని ఒక్క మాట అనేస్తే పోయేదిగా? అనలేకపోయాడు. బాగాలేని బీరుని బాగుందని చెప్పడం మార్నాకి ద్రోహమనిపించింది. బాగున్నదాన్ని బాగాలేదని చెప్పడం అంతకంటే చిన్న తప్పని తనకి తానే తీర్పు చెప్పుకున్నాడు. పోటీల్లో తీర్పులు చెప్పి చెప్పి అలవాటైపోయినట్టుంది.

ట్రక్కులో ఇదంతా తలుచుకుంటూ ఉండగా గరాజ్ కిటికీ తెరుచుకుంది. "ఒరేయ్, పెట్రోలు ఊరికే వస్తోందా ఏంటి? లోపలికి తగలడు! ఆట మొదలైంది!" అని డ్వైట్ అరిచాడు.

వెండెల్ దిగి లోపలికి వెళ్ళాడు. గరాజ్‌లో ఫ్రీజర్ మీద టీవీ, దాని ముందు మూడు మడత కుర్చీలు. మార్నా చెల్లెలు ఐలీన్ అప్పటికే ఒక దాంట్లో కూర్చుని ఉంది. మధ్యలో పెట్టుకున్న పళ్ళెం నిండా ఆవముద్ద కూరిన గుడ్లు.

"వచ్చాడమ్మా ముక్కుదొర" అంది ఐలీన్. "మీ ఆవిడ రాలేదే?"

"మనవడికి ఒంట్లో బాగోలేదు" అన్నాడు వెండెల్.

"ఈ అయిదోది గురి తప్పదు చూడు" అన్నాడు డ్వైట్. గడ్డం నున్నగా గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆర్నెల్ల తరువాత అతను అలా కనబడటం అదే మొదలు. "నువ్వు చెప్పినవన్నీ చేశాను. వెన్న వాసన అన్నావు కదా, ఈస్ట్ నీరసపడిందని ఉన్నదంతా దీంట్లోనే పోసేశాను. ఇంక కాయను. డబ్బా కూడా కడిగేసి బోర్లించాను."

"అంతా పోసేశావా? కొంచెమైనా దాచలేదూ?"

"ఎవరి కోసం దాచాలిరా? నేను తాగుతానా?"

వెండెల్ టీవీ వైపు తిరిగి కూర్చున్నాడు. టెన్నెల్ కుర్రాళ్ళు బెదురుగా మొదలుపెట్టారు. అవతలి జట్టులో ఒక తాటిచెట్టంత కుర్రాడు బుట్ట కింద నిలబడి వచ్చిన బంతినల్లా తోసి పారేస్తున్నాడు. టెన్నెల్‌లో కీగన్ అనే పొట్టివాడు మాత్రం దూరం నుంచి వరసగా మూడు వేసి ఊపిరి నిలబెట్టాడు. ఇరవై ఏడేళ్ళుగా ఈ కాలేజ్ జాతీయ పోటీల మొహం చూడలేదు. ఇవాళ గెలిస్తే చూస్తుంది. ఐలీన్ ఒక్కో బుట్టకీ కుర్చీలోంచి లేచి కేకలు పెట్టింది. డ్వైట్ మోకాళ్ళు పట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. వెండెల్‌కి స్కోరు కనబడుతోంది గాని తలకెక్కడం లేదు. విరామానికి ఇంకెంతసేపుందో ఆ గడియారమే చూస్తున్నాడు.

విరామం వచ్చింది. టెన్నెల్ రెండు పాయింట్లు వెనక ఉంది. డ్వైట్ లేచి సీసా తెచ్చి, మూత తీసి, మొహం పక్కకి తిప్పుకుని రెండు గ్లాసుల్లో పోశాడు. ఒకటి ఐలీన్‌కి, ఒకటి వెండెల్‌కి. కాగితం, పెన్సిలు వెండెల్ మోకాలి మీద పెట్టాడు.

ఐలీన్‌కి నియమాల మీద గౌరవం ఎప్పుడూ లేదు. ఒక గుక్క తాగి గ్లాసు దించేసింది.

"బావా, ఏమీ అనుకోకు. ఇది అక్క బీరు కాదు."

"కాస్త నోరు మూసుకో ఐలీన్. వాణ్ణి రాయనీ."

"రాసుకోమను. నేనొద్దన్నానా? బొగ్గు నమిలినట్టుంది. నువ్వు నవంబరులో థాంక్స్‌గివింగ్ పండక్కని, మొదటిది పారబోయకముందే నాకొక సీసా ఇచ్చావు చూడు, అదీ అక్క బీరంటే. ఒక్క గుక్క తాగి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఫోన్ చేసి చెప్పానా లేదా?"

వెండెల్ చేతిలో పెన్సిలు కదలలేదు.

"చెప్పావు" అన్నాడు డ్వైట్. "నువ్వు తాగేది పెట్టెలో వచ్చే చవక వైను. నీ మాట వినాలా, వీడి ముక్కు మాట వినాలా?"

"అవున్లే, ముక్కుదొరకే తెలియాలి. నలభై ఏళ్ళు దాని చేతి వంట తిన్నదాన్ని నాకేం తెలుసు!" ఐలీన్ కోటు అందుకుంది. కోపమేమీ లేదు, ఆమె మాటే అంత. "చర్చి హాల్లో పెద్ద తెర పెట్టారు, పిల్లలు అక్కడే ఉన్నారు. మిగతాది అక్కడ చూస్తా. గుడ్లు పారేయకండి, తినండి."

ఆమె వెళ్ళిపోయింది. డ్వైట్ తలుపు వేసి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"దాని మాటలకేం గాని, నువ్వు చెప్పరా. వచ్చిందా?"

వెండెల్ గ్లాసు ఎత్తాడు. గోధుమ రంగు, సన్నని నురగ, పైకి లేస్తున్న బుడగలు. కళ్ళకి కనబడేదంతా సరిగ్గానే ఉంది. బాగుందని అనేస్తే ఈ మనిషి ఈ రాత్రి నిద్రపోతాడు. అట్టపెట్టె అంటే, ఇంక కాయనన్నవాడే రేపు పొద్దున్నే బార్లీ కొనడానికి పోతాడు. అయితే వేయడానికి ఈస్ట్ లేదు. మొదటిదే మార్నా బీరు. ఆమె రాసినదాన్ని అక్షరం తప్పకుండా కాచిన మనిషి చేత దాన్ని కాలవ పాలు చేయించింది తనే. ఆపైన తను కల్పించి రాసిన ఒక్కో లోపానికీ ఒక్కో మందు వేయించి, నాలుగు నెలలపాటు ఆ బీరుని ఆమె నుంచి దూరంగా నడిపించింది కూడా తనే.

"నాకు తెలియదు డ్వైట్."

"ముందు తాగి చూడు. తొందరేముంది?"

"తాగినా తెలియదు. నాకు వాసన పోయింది. అక్టోబరులో జ్వరమొచ్చింది చూడు, అప్పుడే పోయింది."

డ్వైట్ మొహంలో ముందు జాలి కనబడింది. అదే వెండెల్‌ని ఎక్కువ బాధ పెట్టింది. "అయ్యో, చెప్పలేదేంరా? డాక్టరుకి చూపించావా?" అని అతని భుజం మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి అక్కడే ఆగింది. లెక్క చూసుకున్నాడు.

"అక్టోబరా?"

"అవును."

"మొదటిది నవంబరులో కదరా."

"అవును."

"మరి తడిసిన అట్టపెట్టె?"

"అప్పటికి నాకూ తెలియదు. బీరులోనే ఏమీ లేదనుకున్నాను. నాలుగు రోజుల తరవాత తెలిసింది."

"తెలిసిందా?" డ్వైట్ చెయ్యి తీసేశాడు. "తెలిశాక మొక్కజొన్న అని రాశావు. వెన్న అని రాశావు. ఆ వెన్న కోసం నేను జనవరిలో ఈ సిమెంటు నేల మీద పడుకున్నానురా! గంటగంటకీ లేచి వేడి చూశాను. ఏం చూసి రాశావు?"

"పాత కాగితాలు చూసి."

"ఎవరి కాగితాలు?"

"మార్నా మొదట్లో కాచినవాటికి నేను రాసినవే. ఆవిడ నేర్చుకునే రోజుల్లోవి."

టీవీలో రెండో సగం మొదలైంది. ఇద్దరూ అటు చూడలేదు. డ్వైట్ కేకలు వేస్తాడనుకున్నాడు వెండెల్, కొడతాడనుకున్నాడు. స్కూలు రోజుల్లో కొట్టుకున్నారు కూడా. కొడితే ఎంత బాగుండును! డ్వైట్ వచ్చి ఐలీన్ వదిలేసిన గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు.

"నీకు ముక్కు లేదు. ఐలీన్‌కి తెలియదని నేనే అన్నాను. ఇక ఈ ఇంట్లో మిగిలింది నేనొక్కణ్ణే కదా!"

"వద్దురా."

"పదకొండేళ్ళు ఈ గరాజ్‌లో కాచింది. ఒక్కసారి కూడా దాని చేతి బీరు తాగలేదు నేను. ఊరంతా తాగింది, నువ్వు తాగావు, నేను సీసాలు కడిగాను. అదెలా ఉంటుందో నాకెప్పుడు తెలియాలి?"

గ్లాసు పెదవుల దాకా వచ్చింది. వెండెల్ లేచి అతని మణికట్టు పట్టుకున్నాడు. డ్వైట్ బలమైనవాడు, బాయిలర్లు బిగించిన చేతులు. వెండెల్ రెండు చేతులతోనూ పట్టుకుని వేలాడాడు. బీరు ఒలికి ఇద్దరి చొక్కాలూ తడిశాయి.

"వదులు."

"వదలను. అది ఆవిడ బీరు కాదురా, నేను పాడు చేసిన బీరు. దీనికోసం ఇరవై రెండేళ్ళు పారేసుకుంటావా?"

"వదలరా వెండెల్!"

"వదలను."

గ్లాసు కిందపడి పగిలింది. డ్వైట్ కుర్చీలో కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి గాని చప్పుడు రాలేదు. వెండెల్ అక్కడే నిలబడి ఉన్నాడు. క్షమించమని అడగాలని ఉంది, అయితే ఆ మాట ఎంత చిన్నదో తెలుస్తూనే ఉంది. ఇంటికి పోవాలనీ ఉంది. పోతే, గోడ పక్కన పెట్టెల్లో ఇంకా నలభై సీసాలున్నాయి. డ్వైట్ ఈ సాయంత్రం ఒంటరిగా ఉంటాడు. కాలవలో కారులోంచి అతన్ని బయటికి లాగినవాళ్ళలో వెండెల్ ఒకడు.

ఆ సీసాల అడుగున బూడిదరంగు పొర ఉంటుంది. అదే ఈస్ట్. ఓపికున్నవాడు ఆ పొర తీసి, తీపినీళ్ళలో వేసి, మెల్లగా పెంచుకోవచ్చు. మార్నా పదేళ్ళు బతికించినది ఇప్పుడు ఈ ప్రపంచంలో ఆ నలభై సీసాల్లోనే ఉంది. ఒక్క సీసా జేబులో వేసుకుపోతే చాలు. వెండెల్‌కి ఆ ఆలోచన వచ్చింది. వచ్చాక తన మీద తనకే అసహ్యం వేసింది. అందులోంచి ఎన్ని బీర్లు పుట్టినా, అవి మార్నావేనని చెప్పగలిగేవాడెవడు? మళ్ళీ ఒక ఏడాది ఈ మనిషి ఒకరి నోటి వైపు చూస్తూ కూర్చోవాలా?

మొదటి పెట్టె లాగి, గరాజ్ మధ్యనున్న తూము దగ్గరికి తెచ్చాడు. సీసా మూత తీసి వంచాడు. నురగ తూము మీద చుట్టూ తిరిగి దిగిపోయింది. అడుగు పొర కూడా పోయేలా సీసాని ఊపాడు.

మూడో సీసాకి డ్వైట్ తలెత్తాడు. "ఏం చేస్తున్నావు?"

"పారబోస్తున్నాను."

"ఈస్ట్ అందులోనే ఉంది."

"తెలుసు."

వద్దంటాడేమోనని వెండెల్ ఆగాడు. వద్దంటే ఏం చేయాలో అతనికి తెలియదు. డ్వైట్ లేచి వచ్చి, పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వెండెల్ చేతిలోంచి మూతలు తీసే ఓపెనర్ తీసుకున్నాడు. అతను మూత తీసి అందిస్తే వెండెల్ వంచాడు. ఇద్దరి చేతులూ బీరుతో జిగటగా అయ్యాయి.

టీవీలో అరుపులు పెరిగాయి. కీగన్ ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడ్డాడు. రెండూ పడ్డాయి. ఆట ముగిసిన బూర మోగింది. వీధి చివర నుంచి ఒక కారు హారన్ మొదలై, ఇంకొకటి, ఇంకొకటి, నిమిషంలో ఊరంతా హారన్లు. ఎవరో పళ్ళేలు వాయిస్తున్నారు. ఇరవై ఏడేళ్ళ తరువాత టెన్నెల్ జాతీయ పోటీలకు వెళుతోంది. అక్కడ మొదటి ఆట గురువారం.

"గెలిచారు" అన్నాడు వెండెల్.

"ఊఁ" అన్నాడు డ్వైట్. తలెత్తకుండానే, "గురువారం ఆట నేనొక్కణ్ణే చూసుకుంటా" అన్నాడు.

వెండెల్ తల ఊపాడు. ఇంకా ఇరవై దాకా సీసాలున్నాయి. గరాజ్ అంతా తడిసి ఉంది, డ్వైట్ ముక్కుపుటాలు అదురుతున్నాయి. ఇరవై రెండేళ్ళుగా దూరం పెట్టినది ఇప్పుడు అతని చుట్టూ కమ్ముకుని ఉంటుంది. పెరట్లోకి పోలేదు, మొహం తిప్పుకోలేదు, అలాగే కూర్చున్నాడు. అడగకూడదనుకుంటూనే వెండెల్ అడిగాడు.

"ఎలాంటి వాసన వస్తోందిరా?"

డ్వైట్ ఊపిరి గట్టిగా పీల్చి చూశాడు. నిజంగానే వెతికాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బీరు వాసన" అన్నాడు. "వట్టి బీరు వాసన."

తరువాతి సీసా మూత తీసి అందించాడు.